జూదరికి చికిత్స: ఒక వైద్య మార్గదర్శినిపై విమర్శ

ముంచింగిపుట్టు మండలములోని ఒక కొండ గ్రామమునకు ఆశా కార్యకర్త వచ్చినదనుకొందము. ఆమె చేతిలో ఒక పరిశీలనా పత్రము ఉండును. 30 ఏండ్లు నిండిన ప్రతివారిని కూర్చుండబెట్టి, పొగ త్రాగుదురా, పొగాకు నములుదురా, ప్రతిదినము సారా పుచ్చుకొందురా, నడుము చుట్టుకొలత యెంత, ఇంటిలో ఎవరికైన మధుమేహము, రక్తపు పోటు, గుండె జబ్బు ఉన్నవా అని ఆమె అడుగును. పనులయందు ఆసక్తి తగ్గినదా, మనస్సు దిగులుగా నున్నదా అను రెండు ప్రశ్నలు కూడ ఇప్పుడు ఆ పత్రములో చేర్చబడినవి. ఇది మెచ్చదగిన ఏర్పాటే. కాని ఆ పత్రములో లేని ప్రశ్న ఒకటి కలదు. "నీవు పందెము కాయుదువా?" అని ఆమె అడుగదు. అడుగుమని ఆమెకు ఎవరును చెప్పలేదు.

ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యులకు చికిత్సా ప్రమాణములను నిర్ణయించు సంస్థ యొకటి ఉన్నది. దానిని క్లుప్తముగా 'నైస్' అందురు. ఆ సంస్థ 2025 జనవరిలో, జూదము వలన కలుగు హానిని గుర్తించుట, అంచనా వేయుట, చికిత్స చేయుట అను విషయములపై ఒక మార్గదర్శినిని ప్రకటించినది. ఆశా కార్యకర్త అడుగని ఆ ప్రశ్ననే అడుగవలెనని ఆ గ్రంథము చెప్పుచున్నది. లండనులో కూర్చుండి వ్రాసిన ఈ మార్గదర్శినిని ముంచింగిపుట్టులో కూర్చుండి చదివినచో ఎట్లుండును? అందు మనము గ్రహింపదగిన దేది, మనకు సరిపడని దేది, మన ఏర్పాటులలో దాని వలన బయటపడు లోపమేది అని విచారించుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

వ్యసనమా, వ్యాధియా?

మన పూర్వులు జూదమును సప్తవ్యసనములలో చేర్చిరి. ఋగ్వేదము పదవ మండలములోని 34వ సూక్తము ఒక జూదరి దుఃఖమును వర్ణించును. ధర్మరాజు కథ పిల్లలకు కూడ తెలిసినదే. నలోపాఖ్యానము మఱింత ఆలోచింపదగినది. కలి ఆవేశించుట వలన నలుడు పుష్కరునితో పాచికలాడి రాజ్యమును పోగొట్టుకొనెను. ఋతుపర్ణుని వలన అక్షహృదయమను విద్యను గ్రహింపగనే కలి అతనిని విడిచిపోయెను. జూదరి చెడ్డవాడు కాడు, ఏదో ఒకటి అతనిని పట్టి పీడించుచున్నది అను భావము ఈ కథలో ఉన్నది. ఇది నేటి వైద్యశాస్త్రమునకు దగ్గరగా నున్న భావమే.

అయితే ఈ కథను తరగతిలో చెప్పు ఉపాధ్యాయుడు కథాంతమున కొంచెము ఆగవలెను. నలుడు మరల పాచికలాడియే తన రాజ్యమును గెలుచుకొనెను. "ఇంకొక్క ఆట ఆడినచో పోయినదంతయు తిరిగి వచ్చును" అని ప్రతి జూదరియు కను కల ఇదియే. పోయిన సొమ్మును రాబట్టుకొనుటకు మరల మరల ఆడుటను వైద్యులు నేడు వ్యాధి లక్షణములలో నొకటిగా లెక్కించుచున్నారు.

అమెరికా మానసిక వైద్యుల సంఘము 1980లో ప్రకటించిన వ్యాధుల పట్టికలో ఈ వ్యాధి మొదటిసారి చోటు చేసికొన్నది. అప్పుడు దానిని, అణచుకొనలేని దొంగబుద్ధి, ఊరక నిప్పుపెట్టు బుద్ధి మొదలగు ఉద్వేగ రోగముల సరసన ఉంచిరి. 2013లో ఆ పట్టికను సవరించినప్పుడు దానిని మద్యపాన, మాదకద్రవ్య వ్యసనముల విభాగమునకు మార్చిరి. శరీరములోనికి ఏ మత్తు పదార్థమును పోకపోయినను వ్యసనము కలుగగలదని అంగీకరించుటయే ఈ మార్పునకు అర్థము. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి 11వ అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చినది. అందు దీనికి మూడు లక్షణములు చెప్పబడినవి. ఒకటి, ఎప్పుడు మొదలుపెట్టవలెను, ఎప్పుడు మానవలెను, ఎంత ఒడ్డవలెను అను అదుపు తప్పుట. రెండు, ఇల్లు, పని, తిండి, నిద్ర మొదలగు వానికంటె జూదమునకే ముందు స్థానము నిచ్చుట. మూడు, హాని కలుగుచున్నదని తెలిసియు ఆడుచునే యుండుట. సాధారణముగా ఈ లక్షణములు 12 నెలల కాలము కనబడినచో వ్యాధి యని నిర్ణయింతురు.

కావున పండుగనాడు ఒక పందెము కాసి, పోయినను నవ్వుకొని, చీకటి పడకముందే ఇంటికి పోవువాడు రోగి కాడు. ఈ భేదము మరచినచో ఊరంతటిని రోగులనవలసి వచ్చును. అది శాస్త్రమూ కాదు, మర్యాదయూ కాదు. జూదము గిరిజనులకు ప్రత్యేకమైన దోషమనుట అంతకంటె పెద్ద పొరపాటు. ఏజెన్సీ సంతలలోని కోడిపందెములకు, సంక్రాంతికి భీమవరము చుట్టుపట్ల జరుగు కోడిపందెములకు, హైదరాబాదు మలకపేటలోని గుర్రపు పందెములకు పణము మొత్తములో తేడాయే గాని మనస్సుపై పని చేయు సూత్రములో తేడా లేదు.

ఆట మనస్సును పట్టు విధము

ఆ సూత్ర మెట్టిది? ఫెర్‌స్టర్, స్కిన్నర్ అను ఇద్దరు అమెరికా శాస్త్రజ్ఞులు పావురములతో చేసిన ప్రయోగములను 1957లో గ్రంథముగా ప్రకటించిరి. బిళ్లను ముక్కుతో పొడిచిన ప్రతిసారి గింజ పడు ఏర్పాటు ఒకటి. ఎన్ని పోట్లకు గింజ పడునో తెలియని ఏర్పాటు మఱియొకటి. మొదటి దానిలో గింజ పడుట మానివేసినచో పావురము త్వరలోనే పొడుచుట మానును. రెండవ దానిలో గింజ లేకున్నను చాలసేపు విసుగు లేక పొడుచుచునే యుండును. 'ఈ పోటుకు కాకున్నను వచ్చు పోటుకు పడవచ్చును' అన్నట్లుండును దాని ప్రవర్తన. జూదములోని బహుమానము ఈ రెండవ తరగతికి చెందినది.

మెదడులో డోపమిన్ అను రసాయనము బహుమానమును ఆశించుటకు సంబంధించి పనిచేయును. దీనికి ఒక విచిత్రమైన నిదర్శనము పార్కిన్సన్ వ్యాధి చికిత్సలో లభించినది. ఆ వ్యాధికి ఇచ్చు కొన్ని మందులు డోపమిన్ వలె పనిచేయును. వానిని వాడిన కొందరు, పూర్వము జూదమెరుగనివారు సైతము, జూదమునకు లోబడిరి. మందు తగ్గించినపుడు గాని మార్చినపుడు గాని వారిలో అనేకులకు ఆ కోరిక తగ్గినది. నీతి బోధించుట వలన పోయిన కోరిక కాదది. అందుచేతనే పైన చెప్పిన మార్గదర్శిని, ఇట్టి మందులు వాడువారిని జూదమును గూర్చి తప్పక అడుగవలెనని చెప్పుచున్నది.

గుండాట లెక్క

విద్యార్థులు ఇక్కడ కలము పట్టవచ్చును. గుండాటలో ఆరు గుర్తులు గీసిన బల్ల, అవే గుర్తులు గల పాచికలు ఉండును. ఊరిని బట్టి నియమములు మారును గాని, లెక్క కొఱకు మూడు పాచికలు వేయు పద్ధతిని తీసికొందము. ఒక గుర్తుపై రూపాయి ఒడ్డినవానికి, ఆ గుర్తు ఒక పాచికపై వచ్చినచో ఒడ్డిన రూపాయి కాక ఇంకొక రూపాయి, రెంటిపై వచ్చినచో రెండు, మూటిపై వచ్చినచో మూడు లభించుననుకొందము. ఏమియు రానిచో ఒడ్డిన రూపాయి పోవును.

మూడు పాచికలు పడు విధములు 6×6×6, అనగా 216. మన గుర్తు ఏ పాచికపైనను రాని విధములు 5×5×5, అనగా 125. ఒక్క దానిపై వచ్చునవి 75, రెంటిపై 15, మూటిపై 1. గెలుపు 75+30+3, అనగా 108 రూపాయలు. నష్టము 125 రూపాయలు. కావున 216 రూపాయలు ఒడ్డినచో సగటున 17 రూపాయలు బల్ల యజమాని సంచిలోనికి పోవును. నూటికి సుమారు 8 రూపాయలు. ఒక్క ఆటలో ఇది కనబడదు. సంత ముగియు వేళకు తప్పక కనబడును. బల్ల యజమాని మోసము చేయవలసిన పనియే లేదు.

అయితే ఈ లెక్క తెలిసినంత మాత్రమున వ్యసనము పోవునా? పోదు. గణితము బాగుగా తెలిసినవారిలో కూడ జూదరులు ఉన్నారు. లెక్క టీకా వంటిది. జబ్బు చేయకముందు వేసినచో కొంత ఉపకరించును. జబ్బు చేసినవానికి చికిత్స కావలెను.

మార్గదర్శిని సుగుణములు

ఆ చికిత్సను గూర్చి ఇంగ్లండు గ్రంథము చెప్పినదానిలో నాలుగు మాటలు మనకు శిరోధార్యములు.

మొదటిది, ధూమపానమును గూర్చి, మద్యమును గూర్చి అడిగినట్లే జూదమును గూర్చియు సూటిగా అడుగవలెను. ముఖ్యముగా దిగులుతో వచ్చినవారిని, మద్యపానపరులను, ఆత్మహత్యను గూర్చిన తలంపులు గలవారిని అడుగవలెను. జూదరి చేతిపై సూదిపోటు గుర్తులుండవు, నోట వాసన రాదు. అడుగనిదే తెలియని జబ్బు ఇది. అప్పు మోయలేనంత బరువైనపుడు ప్రాణము తీసికొనవలెనను తలంపు కలుగుట ఈ వ్యాధిలో నిజమైన అపాయము. ఒక్క ప్రశ్న ఒక ప్రాణమును కాపాడవచ్చును.

రెండవది, సంభాషణతో కూడిన చికిత్సకు ప్రథమ స్థానము. ఆలోచనలను, అలవాటులను సరిదిద్దు ఈ పద్ధతిలో, ఏ సమయమున, ఏ చోట, ఎవరి తోడ ఉన్నపుడు ఆడవలెనను కోరిక పుట్టుచున్నదో రోగి తానే గుర్తించుట నేర్చుకొనును. "నాలుగుసార్లు పోయినది, ఐదవసారి తప్పక వచ్చును" అనునట్టి తప్పు నమ్మకములను పరీక్షించుకొనును. దీనిని కొందరు రోగులను ఒక బృందముగా కూర్చి చేయుట మేలని గ్రంథము చెప్పుచున్నది.

మూడవది, మందును గూర్చిన నిగ్రహము. జూదవ్యాధికని ప్రత్యేకముగా అనుమతి పొందిన మందు ఏదియు లేదు. సంభాషణ చికిత్స ఫలింపనపుడు, నిపుణుల పర్యవేక్షణలో, నాల్ట్రెక్సోన్ అను మందును ఆలోచింపవచ్చునని మాత్రమే గ్రంథము చెప్పినది. అది కాలేయముపై ప్రభావము చూపవచ్చును గనుక రక్తపరీక్షలు అవసరము. పొట్లము చేతికిచ్చి పంపివేయు జబ్బు కాదిది.

నాల్గవది, కుటుంబము. జూదమాడని భార్య, తల్లి, పిల్లలు కూడ హాని పొందినవారే గనుక, రోగి వైద్యమునకు రాకున్నను వారికి సహాయము చేయవలెనని గ్రంథము చెప్పుచున్నది. ఇది బహు ఉదారమైన మాట.

కొండపై చదివినపుడు కనబడు లోపములు

ఇక విమర్శకు వత్తము. ఈ గ్రంథము తన వెనుక ఒక భవనమున్నదని తలచి వ్రాయబడినది. జూదవ్యాధికై ప్రత్యేక ప్రభుత్వ వైద్యశాల లండనులో 2008లో ఏర్పడినది. 2024 నాటికి ఇంగ్లండులో అట్టివి 15 అయినవి. కుటుంబ వైద్యుడు అడుగును, నిపుణుని కడకు పంపును, నిపుణుడు చికిత్స చేయును. ముంచింగిపుట్టులో సామాజిక ఆరోగ్య కేంద్రము కలదు. కాని మానసిక వ్యాధులకు ప్రత్యేకించిన పెద్ద ప్రభుత్వ వైద్యశాల విశాఖపట్నము చినవాల్తేరులో ఉన్నది. పెదబయలు, పాడేరు దాటి, ఘాటు దిగి అచ్చటికి పోవుట యనగా ఒక దినపు కూలి, ఇద్దరి బస్సు ఛార్జీలు, రాత్రి బస. ఇది వారము వారము జరుగవలసిన చికిత్స. కావున "నిపుణుని కడకు పంపుము" అను మాట ఇక్కడ కాగితముపై చికిత్స, ఆచరణలో వీడ్కోలు.

రెండవ లోపము భాషకు సంబంధించినది. వ్యాధి తీవ్రతను కొలుచుటకు గ్రంథము సూచించునది కెనడాలో 2001లో వెలువడిన తొమ్మిది ప్రశ్నల కొలబద్ద. రోగి దానిని తానే చదివి, తానే మార్కులు వేసికొనవలెను. ముంచింగిపుట్టు ప్రాంతమున ఆదివాసీ ఒడియా, కువి, పోర్జ, గదబ మొదలగు భాషలు ఇండ్లలో వినబడును. అనేకులకు తెలుగు బడిలోనో, సంతలోనో నేర్చిన రెండవ భాష. సంభాషణయే మందైనచో, ఆ సంభాషణ ఏ భాషలో జరుగవలెనను ప్రశ్న మందు మోతాదు వంటిది. గ్రంథము అనువాదకుని ఏర్పరుపుమని చెప్పి ఊరకొనవచ్చును. మనము ఊరకొనరాదు.

మూడవది, ధనము నడచు విధము. అక్కడ జూదరిని కాపాడుటకు బ్యాంకు ఖాతా నుండి జూదపు సంస్థలకు సొమ్ము పోకుండ అడ్డు వేయుదురు. ఇక్కడ కాఫీ పంట సొమ్ము చేతికి వచ్చు రోజులు, సంక్రాంతి రోజులు ఒకదానికొకటి దగ్గర. సొమ్ము నోట్ల రూపముననే సంతలోనికి నడచును. చాలనిచో రాబోవు పంటపై అప్పు పుట్టును. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారమును అదుపు చేయుటకు 1960లోనే ప్రత్యేక రెగ్యులేషను చేయబడినది. దానిని బట్టి లైసెన్సు లేనివారు వడ్డీ వ్యాపారము చేయరాదు. అప్పుల వలె ఈ వ్యాధిని పెంచునది మఱియొకటి లేదు గనుక ఈ రెగ్యులేషను కూడ ఒక విధముగా వైద్య సాధనమే. దీనిని వైద్యులకు జ్ఞప్తి చేసినవారు లేరు.

నాల్గవది అన్నిటికంటె లోతైనది. ఇంగ్లండులో లైసెన్సు గల జూదము చట్టసమ్మతమైన వ్యాపారము. 2025 ఏప్రిలు నుండి ఆ వ్యాపారుల వద్ద నిర్బంధ సుంకము వసూలు చేయుచున్నారు. అందు సగము చికిత్సకు పోవును. అక్కడ రోగి "నేను పందెము కాసితిని" అనుటకు భయపడ నక్కరలేదు. ఇక్కడ 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టము ప్రకారము జూదగృహమును నడుపుటయు, అందు ఆడుచు దొరకుటయు నేరములు. నేరమైన దానిని గూర్చి ప్రభుత్వపు దుస్తులలో వచ్చిన మనిషి అడిగినచో నిజము చెప్పువాడెవడు? ఈ చిక్కు ఆ గ్రంథకర్తలకు తోచలేదు. తోచవలసిన అవసరము వారికి లేదు.

మన యింటి లోపము

పరుల గ్రంథములో లోపములెన్నుట సులభము. మన యిల్లు ఎట్లున్నది? 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము, 1996లో దానిలో భాగముగా జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము మొదలైనవి. 2022 అక్టోబరు 10న టెలి మానస్ అను ఉచిత సేవ ప్రారంభమైనది. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేసి సలహా పొందవచ్చును. ఇవి మంచి పునాదులు. కాని మానసిక వైద్య నిపుణులు కాని వైద్యుల, ఆరోగ్య కార్యకర్తల కొఱకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రచురించిన చికిత్సా దీపికలో దిగులు, మూర్ఛ, మద్య మాదకద్రవ్యముల వాడుక, ఆత్మహానికి వేరు వేరు ప్రకరణము లుండగా జూదమునకు ప్రకరణము లేదు. మన పరిశీలనా పత్రములో గడి లేదు. వ్యాధి పేరు అంతర్జాతీయ పట్టికలో ఉన్నది, దానిని అడుగు నోరు గ్రామములో లేదు.

చట్టముల సంగతి వేరు. అవి చురుకుగానే ఉన్నవి. 1974 చట్టమును 2020లో సవరించి ఆన్‌లైన్ జూదమును కూడ దాని పరిధిలోనికి తెచ్చిరి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము, ధనము పణముగా పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు, శిక్షను అట్టి ఆటలను నడుపువారికి, ప్రకటించువారికి, సొమ్ము చేరవేయువారికి ఉద్దేశించినది. ఆడువానిని నేరస్థునిగా చూడలేదు. ఇది సరియైన దారి. కాని నేరస్థుడు కానివాడు రోగి కావచ్చును గదా! అతడు ఎవరి కడకు పోవలెను? పందెము బరిపై దాడి జరిగినపుడు కోళ్లను, నోట్లను, మోటారు సైకిళ్లను లెక్కించి వ్రాయుదురు. ఆ రాత్రి అప్పుతో ఇంటికి పోయినవానిని లెక్కించు పుస్తకము ఏ కార్యాలయములోను లేదు.

ఇక్కడ సాధ్యమైనది

భవనములు లేవని చేతులు కట్టుకొన నక్కరలేదు. 1997లో అమెరికా పరిశోధకులు రెండే ప్రశ్నల పరీక్ష నొకదానిని ప్రకటించిరి. ఇంకను ఎక్కువ, ఇంకను ఎక్కువ సొమ్ము ఒడ్డవలెనని ఎప్పుడైన అనిపించినదా? ఎంత ఆడితివో నీకు ముఖ్యమైనవారికి అబద్ధము చెప్పవలసి వచ్చినదా? ఒక్కదానికి 'అవును' అన్నను తరువాత నిదానముగా విచారింపవలెను. ఇది వ్యాధి నిర్ణయము కాదు, తలుపు తట్టుట మాత్రమే. ఈ రెండు ప్రశ్నలను మండలములోని ఇంటి భాషలలోనికి మార్చి, ఆ భాషలు మాటలాడు వారితో పరీక్షించి, ఆశా కార్యకర్త పత్రములో చేర్చుటకు పెద్ద ఖర్చు కాదు. ఆమె ఆ ఊరి మనిషి. లండను నిపుణునికి లేని అర్హత ఇది.

అడుగుటకు ముందు ఒక హామీ ఇయ్యవలెను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 23వ సెక్షను రోగి రహస్యమును కాపాడు హక్కును ఇచ్చుచున్నది. మానసిక వ్యాధి నిర్ణయమునకు ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వంటి ప్రమాణములను అనుసరింపవలెనని కూడ అదే చట్టము చెప్పుచున్నది. కావున జూదవ్యాధి దాని నీడలోనికి రావలసినదే. "నీవు చెప్పినది పోలీసు ఠాణాకు పోదు" అని ఆరోగ్య కేంద్రము గోడపై ఆ ప్రజల భాషలో వ్రాయించుట, మందుల కంటె ముందు రావలసిన మందు.

బృంద చికిత్స కొండ గ్రామమునకు క్రొత్తది కాదు. చెట్టు క్రింద కూర్చుండి పదిమంది మాటలాడుకొను అలవాటు ఇచ్చట ఉన్నది. శిక్షణ పొందిన కార్యకర్త ఒకరు నడిపించి, కష్టమైన రోగుల విషయమున టెలి మానస్ నిపుణులను సంప్రదించినచో పనికి ఆరంభ మగును. ఫోను సంకేతము అందని గ్రామముల కొఱకు ఆరోగ్య కేంద్రముననే ఒక దినము కేటాయింపవలెను. పంట సొమ్ము వచ్చు దినమున, రోగి సమ్మతితో, ఆ సొమ్ము ఇంటి ఇల్లాలి చేతికి గాని ఆమె పొదుపు సంఘపు ఖాతాకు గాని చేరునట్లు చేసికొనుట చిన్న ఉపాయము. కాని మెదడులో కోరిక లేచు గడియను సొమ్ము లేకుండ దాటించుటయే చికిత్సలో సగము పని.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పరీక్షలకు ముందు ఉన్నట్లుండి బడి మానిన బాలుని ఇంటిలో కారణము తరచి చూడుడు. తండ్రి పందెము కావచ్చును. బాలుని చేతిలోని ఫోనే కావచ్చును. పదిమందిలో నిందింపకుడు. సిగ్గు ఈ వ్యాధికి ఎరువు. గుండాట లెక్కను తరగతిలో వేయించుడు, నలుని కథను చెప్పుడు, కథాంతమున ఆగుడు. కావలసినపుడు 14416 అను సంఖ్యను నల్లబల్లపై వ్రాయుడు.

ఇంగ్లండు మార్గదర్శినిలో మనకు పనికిరాని పుటలు అనేకము ఉన్నవి. ఆ భవనము మనకు లేదు, ఆ సుంకము లేదు, ఆ చట్టము లేదు. కాని మొదటి పుటలోని వాక్యమునకు భవనముతో పని లేదు. అడుగుడు అని మాత్రమే అది చెప్పుచున్నది. ముంచింగిపుట్టు కొండ దారిలో పత్రము చేతబట్టుకొని నడచుచున్న ఆ కార్యకర్తకు ఇంకొక గడి, ఇంకొక ప్రశ్న, 'అవును' అన్నవానికి తరువాత ఏమి చేయవలెనో చెప్పు ఒక పుట ఇయ్యగలిగినచో, జూదరి మొదటిసారి నేరస్థుల పట్టిక నుండి రోగుల పట్టికలోనికి వచ్చును. రోగుల పట్టికలోనికి వచ్చినవానికి నయమగు అవకాశము కలదు.